మేట్రనమ్మ పశ్చాత్తాపపడలేదు

మా మేట్రనమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున ఆళ్లగడ్డలో, ఉగ్గానికి బొరుగులు నానబెట్టబోయి, బకెట్టు పక్కనే కూలబడి పోయింది. మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుండగా నాకు కబురొచ్చింది. ఆమె తమ్ముడి కొడుకు బడి గుమ్మంలో నిలబడి "అక్కా, అత్త పోయింది" అన్నాడు. పిల్లలు ఏడో ఎక్కం అరుస్తూనే ఉన్నారు. నేను ఆపమనలేదు. ఆ ఎక్కం అయ్యేదాకా నిలబడి, తర్వాత చెప్పులు వేసుకున్నాను.

ఏడవడానికి నాకు దొరికింది ఆ ఒక్క పూటే. మర్నాడు నంద్యాల సమాధుల తోటలో, పెట్టెను గుంటలోకి దించే ముందు చర్చి సంఘం కార్యదర్శి జేబులోంచి ఒక కాగితం తీసి చదివాడు. "ఈ సహోదరి తన గత జీవితములోని పాపమును గూర్చి పశ్చాత్తాపపడి, సంఘముతో సమాధానపడి నిద్రించినది" అని అందులో ఉంది. అది విన్నప్పటి నుంచి నాకు ఏడుపు రావడం లేదు. కోపం వస్తోంది. పోయినవాళ్ల గురించి చల్లగా, మెత్తగా రాయాలంటారు. నా దగ్గర ఆ సరుకు లేదు, క్షమించండి.

ఆమె పశ్చాత్తాపపడలేదు. పద్నాలుగేళ్లపాటు ఏటా అడిగారు. తప్పైపోయిందని రాసిన కాగితం మీద వేలిముద్ర వేస్తే మళ్లీ ప్రభువు బల్లకు రానిచ్చి రొట్టె ఇస్తామన్నారు. ఆమె వెయ్యలేదు. బతికుండగా చేయించలేని పని నోరు పడిపోయాక చేయించారు. చచ్చిన మనిషి చేత తప్పు ఒప్పించడానికి ఎంత గుండె కావాలో నాకు తెలీదు, ఆ కార్యదర్శికి మాత్రం ఉంది. చదివేటప్పుడు గొంతు కూడా తడబడలేదు.

ఆ పాపమేమిటో మీకు చెప్పాలి. అది ఆమెది కాదు, నాది. అసలు అది పాపమే కాదు, ఒక నవల.

డెబ్బైల మొదట్లో నేను నంద్యాలలో టీచర్ ట్రైనింగుకు చేరాను. మాది మిడుతూరు పక్కన పల్లె, నాయన ఊరి బడిలో పంతులు. నాకు పద్దెనిమిది నిండాయి. ట్రైనింగు స్కూలుకు ఆనుకుని బోర్డింగు. అరవైమంది ఆడపిల్లలం, వరసగా ఇనుప మంచాలు, మంచం కింద ట్రంకుపెట్టెలు. మా చదువు పెద్దటీచరమ్మ చేతిలో ఉండేది. మా కడుపు, మా జ్వరాలు, మా నెలసరులు, మా ఏడుపులు మేట్రనమ్మ చేతిలో ఉండేవి.

అప్పటికే ఆమెకు నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. మొగుడు వదిలేసి వేరే పెళ్లి చేసుకున్నాడు. చదువు రెండో తరగతితో ఆగింది, బియ్యం బస్తా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివేది. బోర్డింగు మేట్రన్లు తాళాలగుత్తి మోగిస్తూ తిరుగుతారు, పిల్లలకు భయం ఉండాలని. మా మేట్రనమ్మ గుత్తిని కొంగులో చుట్టి పిడికిట్లో పట్టుకుని నడిచేది. చదువుకునే పిల్లలు ఉలిక్కిపడతారని ఆమె బాధ. అన్నం వడ్డించేటప్పుడు మా మొహాలు చూసేది కాదు, పళ్లెం పట్టుకున్న చేతులు చూసేది. "ఏందిమే, చెయ్యి అట్ల వణకతాండాది? జొరమా, ఇంటికాడ్నించి జాబు రాల్యాదా?" అనేది. రెంటిలో ఒకటి తప్పకుండా నిజమయ్యేది.

శనివారం మధ్యాహ్నం తలనూనె పూట. దానికి బోర్డింగులో ఒక పద్ధతి ఉండేది. ఏడాది మొదట్లో ప్రతి పిల్లకూ ఒక జతను కడతారు. ఏడాదంతా ఒకరి తల ఒకరు దువ్వాలి, పేలు చూడాలి, నూనె పెట్టి జడ వేయాలి. కొట్లాడుకుని మాటలు మానేసినా సరే, శనివారం ఆ తల దువ్వాల్సిందే. జతలు కట్టేది మేట్రనమ్మ. పెద్దటీచరమ్మ చేతిలో ఉంటే ఊరూ వాడా చూసి కట్టేదేమో. మేట్రనమ్మ ఒక వారం రోజులు ఏమీ అనకుండా మమ్మల్ని గమనించి, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే అన్నం సరిగ్గా తింటున్నారో చూసి కట్టేది. నాకు దొర్నిపాడు వైపు నుంచి వచ్చిన సులోచనను కట్టింది.

నేను సులోచనను ప్రేమించాను. దీన్ని ఇంతకన్నా చుట్టుతిప్పి చెప్పడం నాకు చేతకాదు. ఆమె నన్ను ప్రేమించింది. మెట్ల మీద చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చోవడం, ఒకే పుస్తకంలో చదువుకోవడం, ఊరికెళ్లిన వారం ఉత్తరం కోసం గేటు దగ్గర పడిగాపులు పడడం, మేం చేసిందల్లా అంతే. ఒకసారి ఆమె ఊరికెళ్లిన వారం నేను తల దువ్వుకోలేదు. మేట్రనమ్మ నా చింపిరి జుట్టు చూసి కూడా దువ్వుకోమనలేదు. "సోమారం వస్తాదిలే" అని మజ్జిగ పోసి వెళ్లిపోయింది.

నోటితో చెప్పుకునే ధైర్యం లేక రాసుకున్నాను. పెద్ద సైజు నోటుబుక్కు ఒకటి కొని నవల మొదలుపెట్టాను. కొండ కింద ఒక బోర్డింగు, అందులో ఇద్దరమ్మాయిలు. ఒకతె హార్మోనియం వాయిస్తుంది. రెండో అమ్మాయి అది వినడానికని ఊడ్చిన గదినే మళ్లీ ఊడుస్తూ ఉంటుంది. ఒకరి జాకెట్టుకు ఊడిన గుండీని ఇంకొకరు కుట్టి దారం పంటితో కొరికే అధ్యాయం ఒకటి ఉంది, దానికి నాలుగు పేజీలు పట్టింది. ఇంకో అధ్యాయంలో ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి మహానంది పోతారు. గుడి బయట పారే నీళ్లలో కాళ్లు పెట్టుకుని, అడుగున గులకరాళ్లు లెక్కపెడుతూ సాయంత్రం దాకా కూర్చుంటారు. అంతకన్నా పెద్ద సాహసం అప్పట్లో నాకు తోచలేదు.

ప్రతి శనివారం ఒక అధ్యాయం చదివేదాన్ని. వెనక సులోచన నా తల దువ్వుతుంటే నేను ముందుకు వంగి చదవడం, చుట్టూ ఏడెనిమిదిమంది జతలుజతలుగా కూర్చుని వినడం. వాళ్లకు అర్థమైందా అని మీరు అడగవచ్చు. నవ్వేచోట నవ్వారు, గొడవ వచ్చేచోట "అయ్యో" అన్నారు. ఇంకేం అర్థం కావాలి? స్టోరు గదిలో మేట్రనమ్మ జొన్నలు చెరుగుతూ ఉండేది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు చేట చప్పుడు ఆగిపోయేది. ఒకసారి లోపల్నుంచే కేకేసింది. "గట్టిగా సదువుమే! ఆ పిల్ల ఏమనెనో ఈడికి ఇనపడ్ల్యా."

తర్వాత జరిగింది నా తెలివితక్కువతనం. మేం పాఠం చెప్పబోయే ముందు పాఠ్యపథకాలు రాసుకోవాలి, ఆ రికార్డును సోమవారం పొద్దున పెద్దటీచరమ్మకు సంతకానికి పెట్టాలి. రికార్డుకీ నవలకీ ఒకే రకం అట్ట వేశాను, ఎవరికీ అనుమానం రాకూడదని. ఒక సోమవారం గంట కొట్టిన హడావిడిలో రికార్డును పెట్టెలో దాచిపెట్టి, నవలను సంతకానికి పెట్టి వచ్చాను.

పెద్దటీచరమ్మ పన్నెండో పేజీ దాకా ఎర్రసిరాతో దిద్దింది. వత్తులు, దీర్ఘాలు సరిచేసింది. హార్మోనియం అధ్యాయం పక్కన "పాఠ్య ఉద్దేశము స్పష్టముగా లేదు" అని రాసింది. పదమూడో పేజీలో ఎర్రసిరా ఆగిపోయింది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆరోజు మధ్యాహ్నం ఆఫీసు గదిలో బల్ల వెనక పెద్దటీచరమ్మ, అప్పటి పాస్టరు అయ్యగారు, సంఘం కార్యదర్శి, ఇంకో ఇద్దరు పెద్దలు కూర్చుని నన్ను పిలిపించారు.

"ఎవుడు వాడు?" అన్నాడు కార్యదర్శి.

నాకు అర్థం కాలేదు. "ఎవరండీ?" అన్నాను.

"ఈ రెండో పిల్ల. మాకు దొరక్కుండా ఆడమనిషిగా మార్చి రాసినావు గదా. ఆ మగోడు ఎవుడు?"

చూశారా. నూట నలభై పేజీలు చదివారు ఐదుగురు. ప్రతి పేజీలో ఇద్దరూ అమ్మాయిలే. ఒక్కరికీ తట్టలేదు. ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్ల మీద ఇంత ప్రేమ పెట్టుకుంటుందని వాళ్ల బుర్రకు ఎక్కనే లేదు. కాబట్టి మగవాడు ఉండి తీరాలి. ఉంటే ఎక్కడుంటాడు? అరవైమంది ఆడపిల్లల బోర్డింగుకు గేటు దాటి వచ్చే మగవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టారు. పాలాయన ముసలాయన, గేటు దగ్గరే పోసి పోతాడు. మిగిలింది టైలరు.

ఆయన ఏటా వరండాలో మిషను పెట్టుకుని మాకు తెల్ల జాకెట్లు కుట్టేవాడు. యాభై ఏళ్ల మనిషి, ఒక కాలు కుంటి, నలుగురు పిల్లల తండ్రి. మా కొలతలు కూడా తీసుకునేవాడు కాదు. పాత జాకెట్టు తెమ్మని, దాన్ని నేల మీద పరిచి కొలుచుకునేవాడు. "గుండీ కుట్టడం గురించి ఆడపిల్ల నాలుగు పేజీలు రాస్తాదా? ఇది టైలరే" అని తేల్చాడు ఒక పెద్దాయన. మిగతావాళ్లు తలూపారు. బల్ల చుట్టూ కూర్చున్న అంతమందిలో ఒక్కరైనా ఎప్పుడైనా ఎవరికైనా ప్రేమతో గుండీ కుట్టి ఉంటే ఆ మాట అనేవాళ్లు కాదు.

మా ఊరికి కబురు పోయింది. రెండోరోజు పొద్దునకల్లా నాయన, ఇద్దరు మేనమామలు వచ్చారు. నాయన తలవంచుకుని ఒక మూల నిలబడ్డాడు. మేనమామలు కట్టెలు తెచ్చారు. టైలరును ఇంటి నుంచి పిలిపించి ఆవరణలో నిలబెట్టారు. ఆయనకు ఎందుకు పిలిచారో కూడా తెలీదు, చేతిలో టేపు పట్టుకుని వచ్చాడు. వరండా పొడుగునా అరవైమంది పిల్లలం. నేను ముందు, నాకు కొంచెం వెనగ్గా సులోచన.

నేను నోరు విప్పితే చాలు. ఆ రెండో అమ్మాయి నిజంగానే అమ్మాయి అని ఒక్క మాట చెబితే టైలరు బతికిపోతాడు. తర్వాతి ప్రశ్న "ఎవురు ఆ పిల్ల?" అని వస్తుంది. సులోచన చినాయనలు మా మేనమామల కన్నా మొరటువాళ్లు. నేను మాట్లాడలేదు. పెద్ద మేనమామ టైలరు చొక్కా పట్టుకున్నాడు. అప్పుడు కూడా మాట్లాడలేదు. ఈ సంగతి నేను పద్నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను.

మేట్రనమ్మ వంటింట్లోంచి బియ్యం కడిగిన చేతులతో వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆయప్పను ఇడ్సండి. ఆ బుక్కు నాది" అంది.

"నీకు రాయడం వచ్చునా?" అన్నాడు కార్యదర్శి.

"రాదు. నేను సెప్పినా, ఆ పిల్ల రాసె. నా మాట కాదనల్యాక రాసె. మగోడు ల్యాడు, గిగోడు ల్యాడు. ఆ ఇద్దురూ ఆడోల్లే. దాంట్లో ఒకటి నేనే."

మేనమామ టైలరు చొక్కా వదిలేశాడు. పెద్దటీచరమ్మ మొహం ఎర్రబడింది. అయ్యగారు చాలాసేపు ఆలోచించి ఒక ప్రశ్న వేశారు. అప్పుడు, ఆ క్షణంలో, ఆయనకు తోచిన ప్రశ్న ఏమిటంటే, "అయితే మహానందికి కూడా పోయినావా?"

"పోయినా" అంది మేట్రనమ్మ.

ఆమె పుట్టి బుద్ధెరిగాక మహానంది మొహం చూడలేదు.

అదే సాయంత్రం ఆమెను ట్రంకుపెట్టె నెత్తిన పెట్టి పంపేశారు. నా నోటుబుక్కును స్నానాల నీళ్లు కాచే కాగు కింద మంటలో పెట్టారు. ఆ ఆదివారం ఆమెను ప్రభువు బల్ల నుంచి వెలివేసినట్టు గుడిలో చదివారు. మొగుడు వదిలేసిన మనిషి, దిక్కులేని మనిషి, ఆమె గురించి ఏం చెప్పినా నమ్మడానికి ఊరంతా సిద్ధంగా ఉంది. నన్ను మాత్రం మేట్రను మాటలకు లొంగిన అమాయకురాలన్నారు. మందలించి వదిలేశారు. సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆ సర్టిఫికెట్టుతోనే నేను పన్నెండేళ్లుగా అన్నం తింటున్నాను. ఆ వేసవిలో సులోచనకు పెళ్లి చేశారు. వాళ్లింట్లో ఎవరికీ ఏమీ తెలీదు, వయసొచ్చింది కాబట్టి చేశారు, అంతే. పెళ్లికూతురికి జడ వేసింది నేనే.

రెండేళ్లకు ఆ ట్రైనింగు స్కూలు నడిపే క్రైస్తవ మిషను వాళ్ల బడిలోనే ఆళ్లగడ్డలో ఉద్యోగమొచ్చింది. బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో, "ఏందిమే, ఇంత బక్కగైనావ్?" అన్న గొంతు వినబడింది. తమ్ముడి ఇంటి ముందర, బస్టాండు దారిలో, పొయ్యి పెట్టుకుని ఉగ్గానీ బజ్జీ అమ్ముతోంది. నేను ఆ దుమ్ములోనే ఆమె కాళ్ల మీద పడబోయాను. "లెయ్‌మే, నూనె కాగతాండాది, మింద పడ్తావ్" అని కసిరింది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆమె దగ్గరే. ఆమె ఉల్లిగడ్డలు తరుగుతూ ఉంటే నేను పక్కన పీట మీద కూర్చునేదాన్ని. మొదటి ఆదివారమే అడిగేశాను, ఎందుకు చెప్పావని, అది నిజమేనా అని.

"యాడి నిజంమే! పదమూడేండ్లకే పెండ్లి సేసిరి, పద్దెనిమిదికి ఇడ్సిపెట్టె. నన్ను ఎవురు పలకరిచ్చినారు? నువ్వు సదవతాంటే ఇని ఇని నాకే జరిగినట్ల అనిపిచ్చేది. ఆపొద్దు నోట్లోనించి అట్లే వచ్చేసె." కత్తిపీట ఆపి నావైపు చూసింది. "సెప్పేటప్పుడు నాకు బాగుండె, తెలుసునా? నాకూ ఒకరుండారని అందరి ముందర సెప్పుకున్నట్ల."

నాకు ఆమె మీద కూడా కోపం ఉంది. అది దాచిపెట్టి ఇది రాయలేను. నన్ను అడగకుండా నా కథను తీసుకుపోయింది. నా శిక్షను తీసుకుపోయింది. నేను ఒక్కసారి ధైర్యంగా నిలబడి ఉండేదాన్నేమో, ఆ అవకాశమే ఇవ్వలేదు. ఒకరోజు ఈ మాట ఆమె మొహానే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "నిలబడేదానివి కాదులే. నేను చూస్తానే ఉంటిని గదా నీ చేతులు" అంది. అంతకన్నా నిజమైన మాట నాతో ఎవరూ అనలేదు.

కాలిపోయిన నవలను నేను మళ్లీ రాయలేదు. ఆమె ఊరుకోలేదు. "తర్వాత ఏమాయమే ఆ పిల్లోల్లకి?" అని ప్రతి ఆదివారం తగులుకునేది. నోటితోనే అల్లి చెప్పేదాన్ని. ఒకసారి విసుగు పుట్టి, ఇద్దరూ కాలువలో పడి చచ్చిపోయారని చెప్పి ముగించేశాను. ఆమె చేతిలోని అట్లకాడ చూపించి అరిచింది. "సంపొద్దు! అట్లాంటోల్లను కతల్లో అందరూ సంపేదే. నువ్వు గూడ సంపితే ఎట్ల? ఇద్దురూ ముసిలోల్లు కావల్ల. పండ్లు ఊడిపోవల్ల. ఒకరి కళ్లజోడు ఒకరు పెట్టుకోని తిట్టుకోవల్ల." అలాగే చెప్పాను. కొన్నేళ్లు చెప్పాను. ఆ ఇద్దరమ్మాయిలకూ పళ్లు ఊడేదాకా, మోకాళ్లు పట్టేసేదాకా చెప్పాను. పక్కన బజ్జీలు తినడానికి నిలబడ్డ లారీ డ్రైవర్లు ఎవరో చుట్టాల సంగతి అనుకుని "పాపం ఆ యమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గెనా?" అని ఆమెను అడిగేవాళ్లు.

ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారాల్లో ఆమె పొద్దున బస్సుకే నంద్యాల వెళ్లి గుడిలో కూర్చునేది. రొట్టె పళ్లెం ఆమె దగ్గరికొచ్చి, ఆమెను దాటి పోయేది. ఎందుకెళ్తావు అవమానం కాకపోతే అంటే, "వాల్లు ఇయ్యకపోవడం వాల్ల పని. నేను కూసునేది నా పని" అనేది. ఏటా క్రిస్మస్‌కు టైలరు ఒక తెల్ల జాకెట్టు కుట్టి ఆ గుడి గుమ్మం దగ్గరే ఆమె చేతిలో పెట్టేవాడు. మాటలేమీ ఉండేవి కావు. ఆమె పెట్టెకు కప్పిన గుడ్డ అంచులు కుట్టింది కూడా ఆయనే. ముసలి చేత్తో, మిషను లేకుండా, సమాధుల తోట గోడ పక్కన కూర్చుని కుట్టాడు.

పశ్చాత్తాపం కాగితం మీద సంతకం చేసింది ఆమె తమ్ముడి కొడుకు. మట్టి వేసిన మర్నాడు వాడి ఇంటికెళ్లి నిలదీశాను. వాడు ఏడ్చాడు. "ఏం చెయ్యమంటావక్కా? సంతకం పెట్టకుంటే తోట లోపల చోటు లేదనిరి. అత్తను రోడ్డు పక్కన పెట్టొస్తునా?" అన్నాడు. వాడిని ఏమంటాం. శవం వాకిట్లో పెట్టుకున్న మనిషి ముందు కాగితం పెట్టి కలం ఇచ్చినవాళ్లను అనాలి.

నంద్యాల వెళ్లి ఇప్పటి అయ్యగారిని కలిశాను. చిన్న వయసాయన, మనిషి చెడ్డవాడు కాదు. ఆ కాగితం అబద్ధమని, తీసేయమని, నవల రాసింది నేనని చెప్పాను. ఆయన "లోపలే పూడ్చినాం గదమ్మా, ఇంకేం కావల్ల? ఆ కాగితం తీసేస్తే సమాధి బయటికి మార్చమని కమిటీలో అడుగుతారు. మీ ఉద్యోగం కూడా ఆలోచించుకోండి" అన్నారు. భయపెట్టడానికి అన్నట్టు లేదు, తనే భయపడుతూ అన్నారు.

ఉద్యోగం సంగతి ఆలోచించాను. సమాధి సంగతి అంతకన్నా ఎక్కువ ఆలోచించాను. దానికి ఆమె జవాబు నా దగ్గర ఉంది. పోయిన ఏడు కార్యదర్శి మనిషిని పంపి, వేలిముద్ర వెయ్యకపోతే రేపు పూడ్చే చోటు కూడా ఉండదని చెప్పించినప్పుడు, బజ్జీలు తిప్పుతూనే అంది. "యాడ పూడ్చినా మన్నే గదప్పా. తప్పైందని మటుకు నేను సెప్పను. ఆ పిల్లోల్లు ఏం తప్పు చేసిరి?"

ఆ పిల్లోల్లంటే నవల్లోవాళ్లు కారు. మేమిద్దరం.

కాబట్టి ఇది రాశాను. దీన్నే ఒక ప్రతి సంఘానికి ఇస్తున్నాను. ఆ నోటుబుక్కు రాసింది నేను. ఆ రెండో అమ్మాయిని ప్రేమించింది నేను. మా మేట్రనమ్మ పశ్చాత్తాపపడవలసిందేమీ లేదు, ఆమె పడలేదు. నన్ను బల్ల నుంచి తీసేయండి, బడి నుంచి తీసేయండి. ఆమె పేరు మీద ఉన్న ఆ అబద్ధం మాత్రం తీసేయండి.

అచ్చుకు పంపే ముందు ఒక మనిషికి చూపించాలి కదా. నిన్న దొర్నిపాడు బస్సెక్కాను. ఆమెను ఇచ్చింది కూడా ఆ వైపే. పెళ్లయ్యాక మేం కలుసుకున్నది రెండేసార్లు, రెండూ చావులకే. వాకిట్లో గోనెపట్ట మీద ఎండుమిరపకాయల కుప్ప పోసుకుని తొడిమలు తీస్తోంది. జుట్టు అక్కడక్కడా తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు, పక్కన చోటు చూపించింది. నీ గురించి ఎక్కడా తెలియకుండా రాశాను, భయపడొద్దు అని చెప్పి కాగితాలు ఇచ్చాను. వేళ్లు చీర కుచ్చిళ్లకు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది.

నేను "తోటి విద్యార్థిని ఒకతె" అని రాశాను. దువ్వింది తోటి విద్యార్థిని, వెనగ్గా నిలబడింది తోటి విద్యార్థిని, నేను ప్రేమించింది తోటి విద్యార్థినిని.

రెండో కాగితం దగ్గర ఆగింది. "ఎవురుమే ఈ తోటి విద్యార్థిని?" అంది. గొంతులో అంత కోపం ఎప్పుడూ వినలేదు నేను. "నాకు పేరు ల్యాదా? పద్నాలుగేండ్లు ఆ యమ్మ మన పేర్లు నెత్తిన మోసె. ఇంగా దాక్కోవల్లనా నేను?"

"మీ ఆయన..." అన్నాను.

"ఆయనకు సదువొచ్చు. సదవనీ."

లోపల్నుంచి వాళ్లత్త "ఎవురుమ్మీ వచ్చింది? ఏం కాగితాలవి?" అని అడిగింది. "మా మేట్రనమ్మవి, అత్తా" అని గట్టిగా, వీధిలోకి వినబడేలా చెప్పింది. తర్వాత నా దగ్గర కలం తీసుకుని మళ్లీ మొదటి కాగితం నుంచి వచ్చింది. నేను తోటి విద్యార్థిని అని రాసిన ప్రతిచోటా అడ్డంగా ఒక గీత కొట్టి, పైన తన చేత్తో సులోచన అని రాసుకుంటూ పోయింది. మీరు పైన చదివిన ఆ పేరు నేను రాసింది కాదు. ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా ఆమె చేతిరాతే, పక్కన ఎర్రటి మిరపకాయ వేలిగుర్తు.